ఎడమచేతి గాటు

ఆ సాయంత్రం యజమాని కొలకర్ర పట్టుకుని కట్టెల దొంతరల వెంట నడిచాడు. మేం ఏడుగురం, ఏడు దొంతరలు. చివరి దొంతర దగ్గర ఆగి కర్ర నిలబెట్టాడు. నాలుగు వేళ్లు తక్కువ. ఆ దొంతర పేర్చిన మనిషికి మూడు రోజులుగా జ్వరం. నిలబడ్డచోటే ఊగుతున్నాడు.

"రేపటి నుంచి నువ్వు రావద్దు" అన్నాడు యజమాని. గొంతు కూడా పెంచలేదు. ఆ మనిషి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, గొడ్డలి భుజాన వేసుకుని గేటు దాటిపోయాడు.

అన్యాయం కళ్లెదుట జరిగితే ఎవరికైనా రక్తం ఉడుకుతుంది అంటారు. చదువుకునే పిల్లలు మీరు మా కథ అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. నాకు ఉడకలేదు. నేను జ్వరం మనిషి వైపు చూడనే లేదు. నా కళ్లు మొదటి దొంతర మీద ఉన్నాయి. అది ఎడమచేతివాడిది. నాది కాదు.

ఏటా వేసవి గాలివానకు ఆ యజమాని తోటలో చెట్లు కూలేవి. వానాకాలం రాకముందే వాటిని కొట్టి, చీల్చి, పట్నం హోటళ్లకు లారీల మీద పంపాలి. తడిస్తే ఆ కట్టెలను ఎవరూ కొనరు. అందుకని కూలీల అడ్డాకు మనిషిని పంపి మమ్మల్ని పిలిపించేవాడు. ఆయన పద్ధతి ఒకటే. ఎవరి దొంతర వారిది. అందరికంటే పెద్ద దొంతర పేర్చినవాడు మొదటి గొడ్డలి. వాడి దొంతరకు ముప్పాతిక ఎత్తు రానివాడు మర్నాడు ఉండడు. మొదటి గొడ్డలికి రేకుల పాక కింద నీడలో మొద్దు, ఇంట్లోంచి గాజు గ్లాసులో టీ. మిగతావాళ్లకు ఎండ, డబ్బాలో నీళ్లు.

ఆ పాక కింద మొద్దు ఆరేళ్లు నాది. అడ్డాలో నా పేరే మొదటి గొడ్డలి. నా దొంతర చూసి ఎంతమందిని గేటు దాటించారో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వాళ్లకు చేతకాలేదు, నాకు చేతనైంది, అంతే అనుకున్నాను.

ఎడమచేతివాడు వచ్చిన మూడో రోజున నా గ్లాసు వాడి చేతికి పోయింది.

నేను ఎండలోకి వచ్చాను. పాక వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకునేవాణ్ని, రెండు దెబ్బలకోసారి చూసేవాణ్ని. వాడి గొడ్డలి లేస్తే ఎంత ఎత్తు లేస్తోంది, దుంగ ఎన్ని దెబ్బలకు చీలుతోంది, టీ ఎన్ని గుక్కల్లో తాగుతున్నాడు, అన్నీ నాకు తెలుసు. వాడు ఈలవేస్తే కడుపు మండేది. వెయ్యకపోతే పొగరు అనుకునేవాణ్ని. ఒకనాడు వాడు, "అన్నా, గొడ్డలికి సానపట్టాలా?" అని మంచిగానే అడిగాడు. నా గొడ్డలి మొండిదని ఎత్తిపొడుస్తున్నాడని రెండు రోజులు కుమిలిపోయాను.

"వాడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నావు. నీ చెయ్యి చూసుకో ముందు" అనేది మా ఆవిడ. నా కుడి మణికట్టు బెణికింది. ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పసుపు కట్టు మీద చొక్కా చెయ్యి లాగి పనికి పోయేవాణ్ని. అయినా నా దొంతర తగ్గలేదు. బెణికిన చేత్తో కూడా నేను నేనే అని మురిసిపోయాను.

జ్వరం మనిషిని పంపేసిన మర్నాడు మధ్యాహ్నం, అందరూ అన్నం మూటలు విప్పుకుని చెట్టు నీడకు చేరినప్పుడు, ఎడమచేతివాడు తాత దొంతర దగ్గర వంగి ఉండడం చూశాను. తాత మా అందరిలో పెద్దవాడు. గొడ్డలి ఎత్తితే మోకాళ్లు వణుకుతాయి. వాడు అటూ ఇటూ చూసి, చేతుల నిండా కట్టెలతో ఒకసారి నిటారుగా నిలబడి, మళ్లీ వంగాడు. నా గుండె ఎగిరింది. ముసలివాడి దొంతరలో దొంగతనం చేసి పెద్దవాడవుతున్నాడన్నమాట. వాడి గొప్పతనం అంతా ఇదన్నమాట.

అన్నం కూడా ముట్టకుండా యజమాని వసారాకు పోయాను. చెప్పాను. అంతటితో ఆగలేదు. ఆయన, "ఎలా పట్టుకోవడం? కట్టె మీద పేరు రాసి ఉండదు కదా" అన్నాడు. ఉంటుంది అన్నాను. కుడిచేత్తో నరికితే కట్టె కొన మీద గాటు కుడివైపు నుంచి వాలుగా దిగుతుంది, ఎడమచేతివాడి గాటు అటునుంచి ఇటు దిగుతుంది, చూసే కన్నుంటే సంతకం చదివినట్టు చదవొచ్చు అని రెండు కట్టెలు తెచ్చి చూపించాను. నా పనితనం అంతా ఆయన కాళ్ల దగ్గర పరిచాను. "నీలాంటివాడు ఒక్కడుంటే చాలు" అన్నాడు. ఆ మాట నాకు తేనెలా దిగింది.

సాయంత్రం అందరినీ నిలబెట్టాడు. ముందు ఎడమచేతివాడి దొంతర విప్పించాడు. నేను ముందుకు వంగి చూశాను. కట్టె తర్వాత కట్టె, అన్నీ ఎడమ గాట్లే. ఒక్క కుడి గాటు లేదు. తర్వాత తాత దొంతర విప్పించాడు. కుడి గాట్ల మధ్య ఎడమ గాట్లు బయటపడ్డాయి, రెండు చేతులా మూడుసార్లు ఎత్తేటన్ని. పక్కన మేం అక్కా అని పిలిచే ఆమె దొంతర. మాలో గొడ్డలి పట్టే ఆడమనిషి ఆమె ఒక్కతే, ఇంటి పనీ చంటిబిడ్డ పనీ చేసుకుని వస్తుంది. అందులోనూ ఎడమ గాట్లే. వాడు దొంగిలించలేదు. పెడుతున్నాడు.

తర్వాత నా దొంతర. రెండో వరసలోనే తగిలాయి. మూడో వరసలో ఇంకా ఉన్నాయి. యజమాని ఒక కట్టె తీసి వెలుగుకు పెట్టి చూసి, నా వైపు చూసి నవ్వాడు.

"ఎడమచేతివాడూ, ముసలాయనా, ఆడమనిషీ రేపటి నుంచి రావద్దు. కొలతలో మోసం చేశారు" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ దాంట్లోనూ ఉన్నాయిలే. కానీ నువ్వు నమ్మకస్తుడివి. పాక కింద మొద్దు మళ్లీ నీదే."

ఎవరు చెప్పారో అందరికీ అర్థమైంది. అక్క నా వైపు చూసి పక్కకు ఉమ్మేసింది. ఎడమచేతివాడు మాత్రం నా మణికట్టు వైపు చూసి, "తగ్గిందా అన్నా" అని అడిగాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి పోయి చెబితే మా ఆవిడ చేటలో బియ్యం అక్కడే వదిలేసి లేచింది. "నీ చెయ్యి బెణికిన మూడు రోజులూ వాడి రెక్కల కష్టం తిన్నాం. తిని, వాడి నోట్లోనే మన్ను కొట్టి వచ్చావు. ఈ పూట నీకు వడ్డించలేను, నువ్వే పెట్టుకో" అంది. నేను పెట్టుకోలేదు.

తెల్లవారి అడ్డాకు పోయాను. పాక కింద మొద్దు నా కోసం ఎదురుచూస్తోంది, అటు పోలేదు. టీ కొట్టు ముందు నలభైమంది గొడ్డళ్లు, పారలు ఆనించుకుని కూర్చున్నారు. వాళ్ల మధ్యలో నిలబడి, చెప్పింది నేనే అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. "ఓర్వలేక చెప్పాను. వాడి టీ గ్లాసు చూసి ఓర్వలేక."

గొడవ లేచింది. నన్ను అడ్డాలో కూర్చోనివ్వకూడదని కొందరన్నారు. కొట్టాలని కొందరన్నారు. జ్వరం మనిషి దుప్పటి కప్పుకునే లేచాడు. అతని కోపం నా మీద కాదు, ఎడమచేతివాడి మీద.

"అందరికీ పెట్టావు. నాకు నాలుగు వేళ్లే తక్కువైంది. నాకెందుకు పెట్టలేదు?"

ఎడమచేతివాడు తల దించుకున్నాడు. "నా చేతులు రెండే కదా అన్నా. ఆ రోజు ఒక్కరికే సరిపడా మిగిలాయి. ఈయన మణికట్టు వాచి ఉంది, ఈయనకు పెట్టాను."

అంటే ఆ సాయంత్రం గేటు దాటాల్సింది నేను. నా బదులు జ్వరం మనిషి దాటాడు. నేను అతని వైపు చూడనే లేదు. ఇప్పుడు తలెత్తి చూశాను.

నువ్వు అంత ధర్మాత్ముడివా అని ఎవరో ఎడమచేతివాణ్ని ఎగతాళి చేశారు. వాడికి కోపం వచ్చింది. వాడు గట్టిగా మాట్లాడడం వినడం నాకు అదే మొదటిసారి.

"ధర్మం కాదు, నా భయం. రోజుకొకణ్ని తీసేస్తే చివరికి నేనొక్కణ్నే మిగులుతాను. ఒక్కణ్ని తీసెయ్యడానికి ఆయనకెంతసేపు? పెద్ద దొంతర పేర్చేదీ నేనే, దాంతో మిమ్మల్ని కొట్టేదీ నేనే. అందుకే చాటుగా సర్దాను. చాటుగా చేసింది చాలలేదు, ఇదిగో ఈయన జ్వరంతో గేటు దాటాల్సి వచ్చింది."

"మరి బాహాటంగా చెయ్యాలి" అంది అక్క. "ఏడు దొంతరలెందుకు? ఒకటే పేరుద్దాం. కొలుచుకోమందాం."

గాట్లు చూసి ఎవరిది ఎంతో తేల్చేస్తాడని ఒకరన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ చదువు ఆయనకు నేర్పింది నేనే కదా. నేర్పినవాడికే దాన్ని చెరపడం తెలియాలి. "అందరం ఎడమచేత్తో కొడదాం" అన్నాను.

ముందు తాత నవ్వాడు, తర్వాత అడ్డా అంతా నవ్వింది. ఇంకొక మాట కూడా తేల్చుకున్నాం. యజమాని మనిషి వచ్చి పిలిస్తే మిగతావాళ్లలో ఒక్కరూ కదలకూడదు. అందరూ ఒప్పుకున్నారు.

ఏడుగురం కలిసి గేటు దగ్గరికి పోయాం. కాపలావాడు అడ్డు రాబోయి, మా ముఖాలు చూసి, తాళాలగుత్తి ఎక్కడో పెట్టినట్టు వెతుక్కుంటూ పక్కకు పోయాడు. పాక కింద నీడలో తాతను, జ్వరం మనిషిని కూర్చోబెట్టి, కట్టెలు అందించే పని ఇచ్చాం. మిగతావాళ్లం ఎండలో గొడ్డళ్లు చేయి మార్చుకున్నాం.

ఎడమచేత్తో కట్టె కొట్టడం మీరెప్పుడైనా చూశారా? మొదటి దెబ్బ నాది నేలకు తగిలింది. రెండోది దుంగ అంచును గీరింది. ఆరేళ్లు మొదటి గొడ్డలినని విర్రవీగినవాణ్ని పసివాడిలా తడబడ్డాను. ఎడమచేతివాడు నా వెనక నిలబడి కాలు ఎక్కడ పెట్టాలో, భుజం ఎలా తిప్పాలో చూపించాడు. "కణుపు ఉన్న దుంగను నువ్వు తిప్పి పెడతావు చూడు, అది నిన్ను చూసే నేర్చుకున్నాను. చూసి చూసి ఏడ్చుకున్నాను" అన్నాడు మెల్లగా. వాడికీ నా మీద ఏడుపుండేదా అని నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అంతలోనే అక్క గంటలో ఎడమచేతి వాటం పట్టేసి నాకంటే రెట్టింపు చీల్చేసింది. మళ్లీ కడుపు మండింది. కానీ ఈసారి ఆమె కట్టె పడ్డ చోటే నా కట్టె పడుతోంది. ఆ మంటతోనే ఇంకో దెబ్బ వేశాను.

మధ్యాహ్నానికి ఒకే దొంతర లేచింది. వంకరటింకర కట్టెలు, తోటకు అడ్డంగా పొడుగాటి గోడ. పట్నం లారీ వచ్చి గేటు బయట ఆగింది. ఆకాశం పడమట నల్లబడుతోంది. కొలతకు తప్ప తోటలోకి రాని యజమాని కొలకర్ర పట్టుకుని వచ్చి, అటు చివర ఒకసారి, ఇటు చివర ఒకసారి నిలబెట్టి చూశాడు.

"ఇందులో ఎవరిదెంత?"

"ఒకటే దొంతరండి" అన్నాడు తాత.

ఆయన కట్టె తీసి కొన చూశాడు. ఎడమ గాటు. ఇంకొకటి తీశాడు. ఎడమ గాటు. వంగి పది కట్టెలు లాగాడు, గాట్లన్నీ ఒకే వైపు వాలాయి. నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు" అన్నాడు. పాక, మొద్దు, గాజు గ్లాసు అన్నీ ఆ మాటలో ఉన్నాయి.

"చూసే కన్నుంటే కనిపిస్తుందండి. అన్నీ మావే" అన్నాను.

బయటకు పంపినవాళ్లను పనిలోకి తీసుకోవాలి, విడి కొలత ఎత్తెయ్యాలి, అప్పటిదాకా లారీకి ఒక్క కట్టె ఎక్కదని అక్క చెప్పింది. ఏడుగురం దొంతర మీద ఎక్కి కూర్చున్నాం. ఆయన అడ్డాకు మనిషిని పరిగెత్తించాడు. వేరే కూలీలు వస్తారనుకున్నాడు. మనిషి ఒక్కడే తిరిగొచ్చాడు. అడ్డాలో ఎవరూ లేవలేదట. పిలిస్తే అందరూ ఎడమచేతులు ఎత్తి చూపించారట.

తర్వాత పోలీసులొచ్చారు. పనిలోంచి తీసేశాక కూడా తోటలోకి చొరబడ్డారని, సరుకును అడ్డుకున్నారని అన్నారు. కట్టెలు కొట్టడానికి పిలిచి, కట్టెలు కొట్టినందుకు జీపెక్కించారు. గేటు దాటుతుండగా వాన మొదలైంది. దొంతర మీద పట్టా కప్పడానికి యజమాని, కాపలావాడు ఇద్దరే ఉరుకుతున్నారు.

స్టేషన్‌లో రైటరు కాగితం ముందుకు తోసి, "ఎవరు మొదలుపెట్టారు? మొదటివాడు ముందు వెయ్యండి వేలిముద్ర" అన్నాడు.

మొదటివాడు అన్న మాటకు నా ఒళ్లు ఇప్పటికీ పొంగుతుంది. అప్పుడూ పొంగింది. కానీ అప్పటికే నా పక్కన ఆరు చేతులు చాచి ఉన్నాయి.

"ఏ చెయ్యి వెయ్యాలి?" అని అడిగింది అక్క.

"ఎడమచెయ్యి. ఆ మాత్రం తెలియదా" అన్నాడు రైటరు విసుగ్గా.

స్టేషన్ బయట వానలో తడుస్తూ నిలబడ్డ అడ్డా అంతటికీ మా నవ్వు వినిపించింది. ఏడు బొటనవేళ్లు ఒకేసారి సిరాబిళ్ల మీదికి దిగాయి. ఏ ముద్ర ఎవరిదో రైటరు ఇంకా తేల్చుకోలేదు.