మూడు జానల మీద బెత్తెడు

బడులు తెరిచే ముందు నెలంతా టైలరమ్మకి ఊపిరి సలపదు. పొద్దున్నే మిషనుకి నూనె చుక్క వేసేసరికే గుమ్మంలో పిల్లలు వరస కట్టేస్తారు. ఆవిడ కొలత టేపు సంగతి అందరికీ తెలిసిందే. అది ఇవాళ్టి కొలత చూపదు, వచ్చే ఏడు ఇదే రోజుకి మనిషి ఎంతుంటే అంత చూపుతుంది. పోస్టుమాన్ నడుముకి నాలుగంగుళాలు ఎక్కువ చూపిస్తే, "దీని కళ్ళు పోయాయి" అని ఎగిరాడు గానీ, ఏడాది తిరిగేసరికి కిక్కురుమనకుండా అదే ప్యాంటు తొడుక్కున్నాడు.

ఈసారి వరసలో చివరన మనవరాలు నిలబడింది. కూతురి కూతురు, తొమ్మిదేళ్ళది. పుట్టుకతోనే గుండె జబ్బు. ఆపరేషన్ చేస్తాంగానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పి వారమైంది.

టైలరమ్మ పిల్ల భుజం నుంచి మోకాలి దాకా టేపు జార్చింది. ఒక్క అంకె లేదు. టేపు ఉత్త నాడాలా తెల్లగా వేలాడింది.

కూతురు గోడకి ఆనుకుంది. "కుట్టకమ్మా ఇంక."

"ఎందుకు కుట్టనూ?"

"పాతికేళ్ళలో అదెప్పుడైనా తప్పిందా?"

"తప్పలేదు. అయితే? కత్తెర పట్టేది అదా, నేనా? చెప్పినట్టల్లా విన్నాను కాబట్టే దానికింత పొగరు."

"అమ్మమ్మా, నాకు రెండు జేబులు కావాలి" అంది పిల్ల.

"నాలుగు పెడతానే."

టేపుని పక్కకి విసిరి, చేత్తోనే కొలిచింది. మూడు జానలు వచ్చింది. దానిమీద ఇంకో బెత్తెడు కలిపి కత్తిరించింది. సాయంత్రానికి గౌను కుట్టి, ఇస్త్రీ కూడా చేసింది.

అప్పుడు టేపుని గౌను మీద పరిచి, మొండికేసిన పిల్లాడి చేత పాఠం చదివించినట్టు అరచేత్తో అదిమింది. "దీన్ని కొలువు. బట్ట వచ్చే ఏడు కూడా ఉంటుందిగా, చూపక చస్తావా?"

టేపు కాసేపు బిగదీసుకుంది. తరవాత ఒకటి, రెండు, మూడు అంటూ నసుగుతూ ముప్పై దాకా అంకెలు వేసింది. అవి చెరగక ముందే టైలరమ్మ దాన్ని తీసి, బెంచీ మీద కునుకు తీస్తున్న మనవరాలి పక్కన భుజం నుంచి కిందికి పరిచింది. అంకెలు అలాగే ఉన్నాయి.

"అదీ" అంది. మర్నాడు పిల్లని ఆస్పత్రిలో చేర్చారు.

మళ్ళీ బడులు తెరిచే నెల వచ్చింది. కొట్టు నిండా జనం. ఆ గౌనులో, నడుం మీద చేతులు పెట్టుకుని, మనవరాలు అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, చంకల్లో పట్టేస్తోంది. ఎవరు కుట్టారిది?"