మూలన కుట్టిన పేరు

ఎనభై ఆరు వరద వచ్చిన ఏడు వెంకటదుర్గ కొవ్వూరుకి కాపురానికొచ్చింది. ఇది ఆ వరద తరవాత పన్నెండో ఏటి మాట.

రాజమండ్రిలో కొత్తగా లాడ్జి కట్టిన వీరబ్రహ్మంగారు కొవ్వూరులో దుర్గ భర్త చంద్రరావు నడిపే టైలరు షాపుకొచ్చి, ఏటికివతల నుంచి చూస్తే రాజమండ్రి ఎలా కనిపిస్తుందో అలా ఒక బొంత కావాలన్నారు. గోడకి తగిలించడానికి.

"మా చేతిలో పనేనండి," అన్నాడు చంద్రరావు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పలేదు.

అతనికి మిషను తొక్కడం వచ్చు. బొంత కుట్టేది దుర్గ. వంట చేసి, అత్తగారికి వేణ్ణీళ్లు పెట్టి, షాపు నుంచి వచ్చిన జాకెట్లకి హుక్కులు కుట్టి, మిగిలిన పొద్దులో రేవుకెళ్లి ఊరిని చూసొచ్చేది. పాత రైలు వంతెనకి గళ్ల లుంగీ, కొత్త వంతెన విల్లులకి తెల్లపంచె, గోపురానికి పసుపు ముక్క. నీళ్లకి మాత్రం చనిపోయిన అమ్మ చీర పెట్టెలోంచి తీసింది. పొద్దుటిపూట గోదారిది ఆ రంగే. "సిటీ అంటే హైదరాబాదులా ఉండాలే, ఈ పొట్టి మేడలేంటి?" అన్నాడు చంద్రరావు. విప్పిందీ ఆమే, పెంచి కుట్టిందీ ఆమే. "కూర్చుని చేసే పనేగా, నడుం నొప్పేంటమ్మా?" అనేది అత్తగారు. సూది దిగిన వేలు చింతపండు పులుసులో పెడితే ఎలా మండుతుందో ఆవిడకి తెలియదా? ఆవిడా ఒకప్పుడు బొంతలు కుట్టిన మనిషే. తెలిసీ అనడమే దుర్గకి మింగుడుపడేది కాదు.

రెండు నెలలకి నీళ్లలో అలలు కుట్టడమొక్కటే మిగిలింది. చంద్రరావు సుద్దతో మూలన గీత గీశాడు.

"ఇక్కడ నా పేరు కుట్టు. పెద్దక్షరాలు."

మొగుడి పేరు ఆమె ఏనాడూ పలకలేదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు బెదిరించింది. రేషన్ కార్డు రాసేవాడు అడిగినా పక్కింటామె చేత చెప్పించింది.

"అత్తయ్యా, నోటితో అంటేనే ఆయుష్షు తగ్గుతుందన్నారు. మీ అబ్బాయి ఒక్కో అక్షరం సూదితో పొడవమంటున్నారు. పొడవనా?"

ముసలావిడ చేతిలో వక్కాకు సంచి జారింది. "వద్దు! వద్దురా నాయనా, నా మాట విను!"

"ఊరుకోమ్మా, దారానికి ఆయుష్షేంటి," అన్నాడు గానీ గొంతులో బింకం లేదు. "పోనీ, ఏ పేరూ వద్దులే," అనేసి షాపుకి పోయాడు.

ఏ పేరూ వద్దా? మరి ఈ రెండు నెలలూ కరిగింది ఎవరి ఆయుష్షు? దుర్గ సూదిలో దారం ఎక్కించింది. అలలు కుడుతూ మూలకొచ్చి, అదే దారంతో తన పేరు కుట్టి, ఆగకుండా మళ్లీ అలల్లోకి పోయింది. దారం అయిపోయినచోట కొసకి కొస పేని కలిపింది. ముడి వేస్తే పడుకున్నవాళ్ల వీపుకి గుచ్చుకుంటుందని అమ్మ నేర్పిన పద్ధతి.

మర్నాడు పొద్దున్న చంద్రరావు ఆమె పేరు చూశాడు. బ్లేడు తీశాడు. బొంత తిరగేసి ముడి కోసం వెతికాడు. దారం వెంట వేలు పెట్టి పేరులోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి వంతెన కిందకి పోయాడు. తెంపితే గోదారంతా ఊడొస్తుంది. వీరబ్రహ్మంగారు పదింటికి రమ్మన్నారు.

దుర్గ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

బ్లేడు జేబులో వేసుకుని, పేరు లోపలికి వచ్చేలా బొంత మడతపెట్టి, చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

తగిలించాలంటే మడత విప్పాలిగా, అనుకుంది దుర్గ.