సారలమ్మ సలహా కేంద్రం

కొత్తవాడలో సలహా ఇవ్వని మనిషి లేడు. దగ్గితే కషాయం, తుమ్మితే జ్యోతిషం, రెండూ అడక్కుండానే దొరుకుతాయి. అలాంటి వాడలో సారలమ్మ సలహాల దుకాణం తెరిచింది! మొగుడు మల్లికార్జున్ నవ్వని పూట లేదు.

నేతగాళ్లు నేసిన జంపఖానాలు కొనే ఆఫీసులో తొమ్మిదేళ్లు కొలతల గుమాస్తాగా చేసిందామె. అత్తకు పక్షవాతం వస్తే మానేసి ఆరేళ్లు ఇంటిపట్టునే ఉంది. అత్త పోయాక, నేతగాళ్ల తరఫున ఆఫీసుల్లో మాట్లాడే మనిషి ఒకరుండాలని ముందుగదిలో బల్ల వేసి బోర్డు పెట్టింది. షావుకార్లు రావద్దని కింద రాయించింది కూడా. షావుకార్లే కాదు, ఎవరూ రాలేదు.

"మేడారం జాతర దాక చూస్త. అప్పటిదాక ఒక్కడన్న రాకుంటే గదిల మా తమ్ముని మిరపకాయ బస్తాలు ఏస్త," అన్నాడు మల్లికార్జున్. మళ్లీ వంటింట్లో పడాలంటే సారలమ్మకు ప్రాణం పోయినంత పనైంది.

నెలరోజుల్లో వచ్చింది ఒక్క ముసలమ్మ. బోర్డు మీద సారలమ్మ పేరు చూసి, మేడారం అమ్మవారి గద్దె అనుకుని బెల్లం పెట్టి, దండం పెట్టి పోయింది. ఆ బెల్లంతో మల్లికార్జున్ చాయ్ చేసుకు తాగాడు.

జాతర వారం ఉందనగా ఉప్పలయ్య వచ్చాడు, చంకలో జంపఖానాతో. వెనకే వాళ్లమ్మ మొగిలమ్మ.

"సారలక్కా, ఏది తీస్కపోయినా రెండించులు తక్కువున్నదని ఆఫీసోళ్లు వాపస్ ఇస్తాండ్లు. జర చూడు."

సారలమ్మ పెట్టెలోంచి గుడ్డ టేపు తీసింది. ఉద్యోగం మానేసిన రోజు ఆఫీసు నుంచి గుర్తుగా తెచ్చుకున్నది. కొలిస్తే నిజంగానే రెండించులు తక్కువ.

"మగ్గం దించితే గుంజుకుంటది గద. జర ఎక్కువ నెయ్యి," అంది గొప్పగా.

మొగిలమ్మ పకపకా నవ్వింది. "నలభై ఏండ్లసంది నేస్తాన. గది నాకు నేర్పుతానవా బిడ్డా?" అంటూ వెంట తెచ్చుకున్న ఇనుప గజం టేపు పక్కన పెట్టింది. ముప్పై ఆరు ఇంచుల గజం టేపు మీద ముప్పై అయిదు దగ్గరే ఆగిపోయింది. ఏళ్ల తరబడి గుంజి గుంజి టేపు సాగింది.

దీంతో సారలమ్మ ఎంతమంది సరుకు తిరగ్గొట్టింది! వాళ్లను దొంగలనుకుంది కూడా. పిల్లలు ఆడుకుని పాడుచేసిన టేపు అంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక మీదికి వచ్చింది కూడా.

"గిది ఆఫీసు టేపే. తొమ్మిదేండ్లు దీంతోనే మిమ్ముల ముంచిన. అక్కడ ఇప్పుడున్నది దీని జోడే," అంది.

ఉప్పలయ్య జంపఖానా చుట్టి లేచాడు. "నడువే అమ్మా. దొంగచేతికి తాళాలిద్దామా?"

మొగిలమ్మ కదల్లేదు. కొడుకుతో అంది: "మీ నాయిన నేసింది సుత గిట్లనే వాపస్ అచ్చేది. చేతగాదని ఆయన్ని తిట్టని తిట్టు లేదు. సచ్చేదాక తిట్టిన."

కళ్లు తుడుచుకుని గజం తీసి సారలమ్మ చేతిలో పెట్టింది. "లే. గన్నేండ్లు మా జంపఖానాలు కొలిచినవు. ఇయ్యాల వాళ్ల టేపు కొలుద్దువు, నడువు."

గుమ్మంలో మల్లికార్జున్ ఎదురయ్యాడు. జాతర రాకముందే మొదటి బస్తా దించుతున్నాడు.

"ఎటు పోతానవు?"

"నౌకరికి," అంది సారలమ్మ, గజం భుజాన వేసుకుని. "ఆ బస్తా మీ తమ్మునింట్ల పెట్టు."