ఇన్సూరెన్సు రేటు అడిగినందుకు

"మీ వ్యాను లోను రాలేదమ్మా," అన్నాడు ఫీల్డాఫీసరు హర్ష.

రాలేదంటే ఇవాళ రాలేదేమో, రేపు వస్తుందేమో అనుకుంది జయంతి. కదిరిలో బ్యాంకు పనులు ఒక తిరుగుడుతో ఎప్పుడైనా అయినాయా?

"ఎప్పుడొస్తాది సార్? పన్నెండో తేదీకి ఇస్కూళ్లు తెరుస్తారు."

"ఇక రాదమ్మా. అనంతపురం ఆఫీసులో తిరగ్గొట్టారు."

జయంతి చేతిలో గొడుగు జారి కింద పడింది. తీసుకోవడానికి వంగలేదు. వెనక వరసలో నిలబడిన ముసలాయన తీసి ఆమె పక్కన ఆనించి పెట్టినాడు. అదీ చూడలేదు.

ఆ వ్యాను ఆమెకు ఒక బండి మాత్రమే కాదు. భర్త కేశవ ఇండికా కారు బాడుగకు తోలుతాడు. నాలుగేళ్లు వరసగా వాన ఎగ్గొట్టిన చేనమ్మి కొన్న కారది, పేరు జయంతిది. బండి తోలడం ఆయన పని, కాగితాలు చూసుకోవడం ఆమె పని. పెళ్లిళ్ల కాలంలో బాడుగలు బాగానే ఉంటాయి, మిగతా రోజుల్లో కేశవ బస్టాండు బయట కారు తుడుచుకుంటూ కూర్చుంటాడు. మార్చిలో ప్రైవేటు బడి కరస్పాండెంటు వనజాక్షి మేడం పిలిచి, పల్లెల నుంచి ఇరవైరెండు మంది పిల్లలున్నారు, వ్యాను కొంటే ఆ బాడుగ మీకే ఇస్తానంది. నెల నెలా, ఏడాదికి పది నెలలు. పెళ్లయిన పదహారేళ్లలో వచ్చే నెల ఇంత వస్తుందని జయంతి ముందుగా చెప్పుకోగలిగింది ఎప్పుడూ లేదు. ఏప్రిల్లో బ్యాంకులో దరఖాస్తు పెట్టింది. హర్షే కాగితాలన్నీ చూసి, బాగున్నాయమ్మా, వచ్చేస్తుంది అన్నాడు. ఆయన నెల్లూరు మనిషి, ఉత్తుత్తి మాటలు చెప్పే రకం కాదు.

"ఏం తక్కువైంది సార్? కాగితాలన్నీ ఇచ్చినా గదా?"

హర్ష డ్రాయరు లాగి ఒక కాగితం తీసి, ఇవ్వాలా వద్దా అని ఒక క్షణం చూసి, బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టినాడు. "దేశంలో ఎవరు అప్పు తీసుకున్నా ఆ వివరాలు బొంబాయిలో ఒక కంపెనీకి చేరతాయమ్మా. వాళ్లు మనిషికొక స్కోరు వేస్తారు. ఇది మీది."

పైన ఆమె పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. పుట్టిన తేదీ ఉంది. దాని కింద మూడేళ్ల కిందట కంతుల మీద కొన్న ఫ్రిజ్జు ఉంది. ఏ నెల ఎప్పుడు కట్టిందో కూడా ఉంది. జయంతికి, తను ఊళ్లో లేనప్పుడు ఎవరో ఇంట్లోకొచ్చి, వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసి, మళ్లీ ఎట్లున్నవి అట్లా పెట్టి పోయినట్టనిపించింది.

"మా ఫ్రిజ్జు సంగతి బొంబాయోళ్లకెందుకు సార్? ఒక్క నెల కూడా తప్పలేదే నేను!"

"తప్పలేదు. ఫ్రిజ్జు మీకు మంచే చేసింది. ఇదిగో, కింద చూడండి."

కింద నాలుగు వరసలున్నాయి. నాలుగు ఫైనాన్సు కంపెనీల పేర్లు, పక్కన తేదీలు. అన్నీ మే నెలలోనే, ఒకే వారంలోవి.

"నాలుగు చోట్ల వ్యాను లోనుకు దరఖాస్తు పెట్టారు. నాతో ఒక మాట చెప్పాల్సింది కదమ్మా."

"ఎవరు పెట్టింది?"

"మీరే. మీ సంతకంతోనే వెళ్లింటాయి."

"నేనా!" ఆ గొంతుకు క్యాషియరు కూడా తలెత్తి చూసినాడు. "నా బిడ్డల మీద ఒట్టు సార్. ఈ బ్యాంకులో తప్ప నేను యాడా అప్పడగలేదు. ఆ నెల నేను తిరిగింది కారు ఇన్సూరెన్సుకు. రేట్లు అడిగినా, అంతే. అడిగితే కూడా తప్పేనా?"

తిరిగిన మాట నిజమే. ముందైతే కారు ఇన్సూరెన్సు ఎక్కడ కట్టినా ఒకటే రేటు. రెండేళ్ల కిందట ప్రభుత్వం ఆ కట్టు తీసేసింది, ఇప్పుడు కంపెనీకొక రేటు అని కేశవ స్టాండులో విని వచ్చి చెప్పినాడు. చీరకు నాలుగంగళ్లు తిరిగే జయంతి ఇన్సూరెన్సుకు తిరగదా? రెండు ఆఫీసులకు తనే పోయింది. తరువాత ఆర్టీవో ఆఫీసు ఎదురుగా ఏజెంటు బసప్ప దగ్గరికి పోయింది. చివరికి ఎనిమిది వందలు తక్కువకు పాలసీ దొరికింది. ఆ పూట ఇంటికి పోయి కేశవకు ఎంత గొప్పగా చెప్పుకుందో!

హర్ష కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "లేదమ్మా. ఇన్సూరెన్సు రేటు నాలుగు చోట్ల కాదు, నలభై చోట్ల అడగండి. మీ స్కోరుకు ఏమీ కాదు. అది అప్పు కాదు కదా. అప్పుకు దరఖాస్తు పెడితేనే వాళ్లు ఈ రిపోర్టు తెప్పించుకుంటారు. తెప్పించుకున్న ప్రతిసారీ ఇక్కడ ఒక వరస పడుతుంది. వారంలో నాలుగు పడితే, ఈమెకేదో కష్టమొచ్చింది, ఎక్కడా అప్పు పుట్టక తిరుగుతోంది అనుకుంటారు. స్కోరు తగ్గింది, పై వాళ్లు భయపడ్డారు."

"నేను అప్పు పుట్టక తిరుగుతాండానా?"

"నేను అనడం లేదు. కాగితం అంటోంది. ఆర్నెల్లు ఎక్కడా సంతకం పెట్టకుండా ఉండండి. మళ్లీ నేనే పంపుతాను."

ఆర్నెల్లకు డిసెంబరు. పిల్లలు డిసెంబరు దాకా ఇంట్లో కూర్చుంటారా?

బయట ఎండ మొహం మీద కొట్టింది. జూన్ వచ్చినా ఆకాశంలో మబ్బు తునక లేదు. బసప్ప అంగడి దాకా నడిచిన ఆ పావుగంటా జయంతికి ఒక్కటే కళ్ల ముందు కదిలింది. నాలుగు ఫారాలు. నాలుగు కంపెనీల రేట్లు తెప్పిస్తానక్కా అని చెప్పి బసప్ప ఆమె ముందు పెట్టిన నాలుగు ఫారాలు. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా ఆమె సంతకం చేసింది. పైన ఇంగ్లీషులో పెద్దక్షరాలతో లోన్ అని ఉంది. చదవడం రాక కాదు, చదివింది. అడిగింది కూడా. అన్నీ ఒకటే కాగితాలక్కా అన్నాడు బసప్ప. సరే అనుకుంది. ఎందుకనుకోదు? ఆమె పుట్టింట్లో నాయన ఏటా వేరుశనగకు పంట అప్పు తీసుకునేవాడు. పంట ఇన్సూరెన్సుకు కట్టాల్సిన సొమ్ము ఆ అప్పులోనే బ్యాంకువాళ్లు పట్టుకునేవాళ్లు. అప్పు లేనిదే ఇన్సూరెన్సు లేదు, రెండింటికీ ఒకటే కట్ట, ఒకటే సంతకాలు. ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా ఇన్సూరెన్సు కాగితం మీద లోన్ అని కనపడితే అదొక వింత కాదు.

బసప్ప ఆమెను చూసి కుర్చీలోంచి లేచినాడు. "రాక్కా, రా! నీకే ఫోన్ చేద్దామనుకుంటాండా. నూరేళ్ల ఆయుసు నీకి. తీపికి ఓళిగలు చేసినావా లేదా?"

"ఓళిగలెందుకన్నా?"

"ఒకటి పాసైంది! నాలుగిట్లో మూడు పోయినా ఒకటి తగిలింది. రేపే చెక్కు. ఎల్లుండి వ్యాను మీ వాకిట్లో!"

జయంతి దారి పొడుగునా కూడబలుక్కున్న తిట్లన్నీ ఎక్కడికి పోయినాయో. కుర్చీ చేతిని పట్టుకొని మెల్లగా కూర్చుంది.

"నేను నిన్ను అప్పడిగినానా? కారు ఇన్సూరెన్సుకు రేట్లు చెప్పమంటి."

"రేట్లు చెప్పినా గదక్కా. మాటల్లో వ్యాను కొంటాండామని నువ్వేగా అంటివి? బ్యాంకోళ్లను నమ్ముకుంటే అయ్యే పనా అని నేనే నాలుగు చోట్ల లోనుకు ఏసినా. కరువొస్తే సర్కారిచ్చే దుడ్లకు ఈడోళ్లం మనం ఎన్ని చోట్ల అర్జీలు పెడతాం చెప్పు. పెట్టినందుకు ఎవరన్నా కొట్టినారా?"

"కొట్టినారన్నా. ఈ పొద్దే కొట్టినారు. నువ్వేసిన నాలుగూ చూసి బ్యాంకోళ్లు నన్ను తోసేసినారు."

బసప్ప నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "ఏసినందుకా? ఉత్తగా ఏసినందుకే?"

"ఊఁ."

"అది నాకు తెలీదక్కా. అమ్మతోడు తెలీదు." అతని మొహం చూస్తే అబద్ధమనిపించలేదు. ఆమెకు దిగులేసింది కూడా అందుకే. మోసమైతే జుట్టు పట్టుకొని అడగొచ్చు. "నువ్వు కూడా లోన్ అని చదివి తలూపితివి గదక్కా, నీకి ఇష్టమే అనుకున్నా."

ఊపింది. కాదనలేదు.

"వడ్డీ ఎంత?"

అతను చెప్పినాడు. బ్యాంకు వడ్డీకి రెట్టింపు. "ఇంకొకటుండాది. వ్యాను ఒక్కటే చాలదంట. ఇండికా ఆర్‌సీ కూడా వాళ్ల దగ్గర పెట్టాల."

"కంతు తప్పితే?"

బసప్ప రోడ్డు వైపు చూసినాడు. కంతు తప్పిన బండ్లను తోలుకొచ్చి నిలబెట్టే ఖాళీ జాగా అటువైపే ఉంది. అందరికీ తెలిసిందే.

వ్యాను వాకిట్లోకి వస్తుంది. బడి బాడుగ దక్కుతుంది. ఊళ్లో మాట నిలబడుతుంది. వేసవి సెలవుల రెండు నెలలు బాడుగ రాదు, కంతు మాత్రం వస్తుంది. ఒక్క నెల అటూ ఇటూ అయితే ఉన్న కారు కూడా పోతుంది. చేను పోయి కారైంది. కారు పోతే ఏమవుతుంది? జయంతి బల్ల మీది పెన్ను అతని వైపు జరిపింది.

"వద్దని రాసియ్యి. నా ముందర రాయి. నేను సంతకం పెడతా."

"అక్కా, వచ్చిన చెక్కును..."

"రాయన్నా. ఈసారి పైనుంచి కింద దాకా చదివి పెడతా."

అక్కడి నుంచి తిన్నగా బడికి పోయింది. కేశవకు ముందు చెప్పాలనిపించలేదు. చెప్తే ఆయన ఆ రెట్టింపు వడ్డీకే సరే అంటాడని భయం. వనజాక్షి మేడం కొత్త పుస్తకాల కట్టలు లెక్క చూసుకుంటోంది. జయంతి నిలబడే చెప్పింది, ఏదీ దాచకుండా. మేడం కళ్లద్దాలు తీసింది.

"రేటు అడగబోతే అప్పుకు ఏసినారా! ఎవరూ నమ్మరు గదమ్మా ఈ మాట."

"నాకే నమ్మకం కాలేదు మేడం."

"నేను ఆర్నెల్లు ఆగలేను జయంతీ. స్టాండులో వ్యాను తోలే ప్రవీణ్ సిద్ధంగా ఉండాడు. నిన్న కూడా వచ్చి అడిగిపోయినాడు."

"తెలుసు మేడం." తెలుసు అన్నదే కానీ, ఆ పేరు చెవిన పడగానే ఇరవైరెండు మంది పిల్లలు వేరే బండి ఎక్కిపోతున్నట్టే అనిపించింది. వెళ్లిపోదామని తిరిగి, మళ్లీ ఆగింది. "నల్లచెరువు దావలో పిల్లలు ఎంతమంది మేడం?"

"ఆరుమంది. అటు పోతే చుట్టు అవుతాదని ప్రవీణ్ గొణుగుతాండాడు."

"కారులో ఆరుమంది పడతారు."

మేడం ఆమెను పైనుంచి కిందికి చూసింది. "చిన్న బాడుగమ్మా అది. నీకి ఏం మిగల్తాది?"

"నెలనెలా వస్తాది గదా."

మేడం ఆరుమంది పేర్లూ చీటీ మీద రాసిచ్చింది. జయంతి గేటు బయటకొచ్చి ఫోన్ చేసింది. కేశవ మొదటి రింగుకే ఎత్తినాడు. బ్యాంకు కబురు కోసం పొద్దున్నుంచీ చేతిలోనే పట్టుకొని ఉంటాడు.

"ఏమాయ? వచ్చిందా?"

"బడి పిల్లోళ్లు ఖాయమైనారు. ఆరుమంది."

అటువైపు బస్సు హారను మోగింది.

"ఇరవైరెండంటివే?"

"అంటి. ఇంటికి రా, అన్నం తిన్నాక చెప్తా. వ్యాను లేదు. మన కారే. పన్నెండో తేదీ పొద్దున ఆరుకల్లా నల్లచెరువులో ఉండాల నువ్వు."