చీరి పారేసే బట్ట

సముద్రం నడుమ గాలిమరలు పాతుతున్నారు. బ్రిటన్, చైనా ఎప్పుడో పాతేశాయి, రేపోమాపో గుజరాత్ దగ్గర కూడానట. ఒక్కో రెక్క మా గల్లీ అంత పొడుగు. ఇదంతా మా అక్క కొడుకు అభిజిత్ ఫోనులో చూపించి చెప్పాడు. రెక్కలు చేసే కంపెనీకి సామాను సమకూర్చే ఉద్యోగం వాడిది. డిప్లొమా చదివాడు కదా, నన్ను చూస్తే జాలి.

తువ్వాళ్ల ఆర్డర్లు లేక నా మరమగ్గాలు దుమ్ము పట్టి ఉన్నాయి. పాత ఇనుము కొనే సేటు అప్పటికే వచ్చి చూసిపోయాడు. రెక్క తయారయ్యేటప్పుడు జిగురు మీద పరచడానికి పాలిస్టర్ బట్ట కావాలని, నమూనా నచ్చితే మగ్గాలన్నిటికీ పని ఉంటుందని అభిజిత్ అన్నాడు. జిగురు గట్టిపడ్డాక బట్ట ఏమవుతుందని అడిగాను.

"చీరి పారేస్తరు మామా."

కట్టుకునేది కాదు, తుడుచుకునేది కూడా కాదు. వాడి మొహాన ఉమ్మాలనిపించింది. మగ్గాలు తూకానికి పోతాయని నోరు మూసుకుని నేశాను.

నమూనా తిరిగొచ్చింది. మూలన పసుపు మరక. మొదటి బట్ట దిగగానే మా కులదైవం మార్కండేయుడి పేరు చెప్పి పసుపు కుంకుమ పెట్టడం తాతల నాటి నుంచీ మా ఇంటి ఆచారం. నా భార్య బాలమణి పెట్టింది. బట్ట చీరేశాక కూడా పసుపు జిగురుకు అంటుకునే ఉంటుందట, అక్కడ పై పొర అతుక్కోదట, నడిసముద్రంలో రెక్క విరుగుతుందట.

"ఇంకొక్క చాన్స్ ఇచ్చిండ్రు అత్తా. మళ్ల గిట్లనే చేస్తే ఖతం," అన్నాడు అభిజిత్.

"చిటికెడు పసుపుకే ఇరిగే రెక్క గాలికేం ఆగుతదిరా?" అన్నాను.

వాడు ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

రెండో నమూనా దిగిన రోజు బాలమణి మళ్లీ పళ్లెంతో వచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"బొట్టు లేకుంటనే ఇంట్లకెల్లి పంపుతవా?"

"పంపుత. నువ్వు ముట్టకు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. ఆగి ఉన్న మగ్గాలకు ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ పోయింది. ఆ బట్ట నేసినదాన్ని మాత్రం వదిలేసింది.

నమూనా పాసైంది. ఇప్పుడు మగ్గాలన్నీ నడుస్తున్నాయి. బాలమణి షెడ్డులోకి రాదు, చాయ్ గడప మీద పెట్టి పోతుంది.

అభిజిత్ పేడా మిఠాయి డబ్బాతో వచ్చాడు. నేను ముట్టలేదు. బొట్టు లేకుండా పంపిన ఆ బట్ట ఏమైందిరా అని అడిగాను.

"చీరిండ్రు మామా," అన్నాడు నవ్వుతూ. "ఏక్‌దం సాఫ్ ఒచ్చింది."