చప్పట్లకు వచ్చినవాళ్ళు

మొయినాబాద్‌లోని టీవీ కామెడీ షో సెట్లో జ్ఞానేశ్వర్ రాసిన స్కిట్‌కు నవ్వు రాలేదు సరికదా, దగ్గు కూడా రాలేదు. ఫామ్‌హౌస్‌లో పెళ్ళి విందుకు వచ్చిన రైతు ఫోర్కు చూసి, దువ్వెన అనుకుని తల దువ్వుకుంటాడు. అదీ జోకు. చేవెళ్ల నుంచి బస్సులో తెచ్చిన నలభైమంది ఆడవాళ్ళు, సెట్ మేనేజర్ చెయ్యెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. దించగానే చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“నవ్వుల సౌండు ఎడిటింగ్‌ల ఏస్త అన్నా. మొఖాలకేం ఎయ్యాలె?” అన్నాడు డైరెక్టర్ ఆనంద్‌కుమార్. “గిట్ల ఇది మూడోది. గురువారంలోపు మంచిది తే. లేకుంటే ఇంక రావద్దు.”

ఏడో తరగతిలో బడి మానేసిన జ్ఞానేశ్వర్‌కు, తెరమీద పేరు పడడమే పట్టా. పదకొండేళ్ళ ఆ పేరు కాస్తా పోతే చేవెళ్లలో అతణ్ణి పలకరించేది కుక్కలే. జనానికి బుర్ర లేదని తిట్టుకుంటూ, ఇంటికి పోవడానికి ఆ ఆడవాళ్ళ బస్సే ఎక్కి వెనక సీట్లో ముడుచుకున్నాడు.

బస్సు కదిలిందో లేదో, సుగుణమ్మ అనే పెద్దామె గొంతెత్తింది.

“గా ఫోర్కు కత రాసినోడు ఎన్నడన్న రైతును జూసిండానే? మా ముసలాయన్ని జూడాలె! సురంగల్ కాడ దావత్‌కు పోతే ఫోర్కు ఇచ్చిండ్రు. ‘దీంతోని ఎట్ల తినాలె బిడ్డా’ అని వడ్డించెటోన్ని అడిగిండు. వాడు మటన్ ముక్క గుచ్చి నోటికిచ్చిండు. నమిలి మింగి, ‘సమజ్ కాలే, ఇంకోసారి జూపీ’ అన్నడు. గట్ల గిన్నెడు మటన్ తిని లేసిండు. చెయ్యి గూడ కడుక్కునే పని లేకపాయె!”

బస్సంతా గొల్లుమంది. జ్ఞానేశ్వర్‌కూ నవ్వొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. తన రైతుకు ఏమీ తెలియదు. ఈమె రైతుకు అన్నీ తెలుసు. తెలియనట్టు కూర్చున్నాడు, అంతే. చెయ్యి తనంతట తానే జేబులోంచి పెన్ను తీసింది. చప్పుడు చేయకుండా రాసుకుపోతే గురువారం గండం గట్టెక్కుతుంది. అడిగేవాళ్ళెవరు?

“ఏం తమ్మీ, నువ్వు గూడ చప్పట్లకే వచ్చినవా?” సుగుణమ్మ వెనక్కి తిరిగింది.

అవునంటే సరిపోయేది.

“కాదక్కా. గా కత రాసింది నేనే.”

బస్సంతా మళ్ళీ పగిలింది నవ్వు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండేళ్ళలో ఎవరూ చెయ్యెత్తి అడగకుండా అతడికి దక్కిన నవ్వు అదొక్కటే.

“మీ ఆయన కత రాసుకుంట, ఇస్తవా అక్కా?”

“రాసుకో. మా ఆయన్ని నీ కతల రైతు లెక్క ఎడ్డోన్ని జేస్తివో, మల్ల నీ ఇంటికొస్త,” అంది సుగుణమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ. “గని ముందుగాల పెన్ను లోపలపెట్టి ఇను. దావత్ ఇంకా అయిపోలే.”