గచ్చు మీద ఎర్రటి తడి

రమ దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే నేను కారు బానెట్ ఎత్తాను. ఇంట్లో మిగిలిన చుట్టాలు నన్ను చూసి గుసగుసలు పెట్టారు. పెళ్లాం పోయి పట్టుమని పన్నెండు రోజులు కాలేదు, అప్పుడే బండి మీద పడ్డాడేమిటని వాళ్ల బాధ. అనుకోనీ, నాకేం. ఏడుపు వస్తే ఏడ్చేవాణ్ణే. రాలేదు. ఆ పొద్దున కోపమూ రాలేదు, అదే నాకు వింతగా ఉంది. మా ఊళ్లో కోపం అంటే దివాకర్ అని నా పేరే చెబుతారు మరి.

నాది కిరాయి కారు. ఇరవై ఏళ్లుగా అదే నా బతుకు. రేడియేటర్ పాడైతే నల్గొండలో నా బామ్మర్ది ప్రేమ్‌సాగర్ షెడ్డులో కొత్తది వేయించి, ఒక శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చాను. ప్రేమ్‌సాగర్ రమకు సొంత తమ్ముడు. ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం రమకు గుండెలో నొప్పి వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టి నల్గొండ దవాఖానకు బయల్దేరాను. పది కిలోమీటర్లు దాటకముందే బానెట్ లోంచి ఆవిర్లు లేచి బండి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది. జర ముందు తెస్తే బాగుండేది అన్నాడు డాక్టరు.

కాష్టం దగ్గర అందరి ముందూ ప్రేమ్‌సాగర్‌ను పట్టుకుని, మీ అక్కను చంపింది గుండెనొప్పి కాదు, నీ చేతులే అన్నాను. ఆ రోజు నుంచి షెడ్డు షెటర్ దించేశాడు. దినాలకు కూడా రాలేదు.

నిన్న రాత్రి మా అత్త ఈదమ్మ నా పక్కన కూలబడింది.

"అల్లుడా, బిడ్డ పోయింది. ఉన్న ఒక్క కొడుకు అన్నం ముడ్తలేడు, షెటర్ తెరుస్తలేడు. తప్పు వానిదైతే వానిదే అని చెప్పు. కాకుంటే కాదని చెప్పు. నీ నోట్లకెళ్లి వస్తెనే వాడు ఇంటడు."

పొద్దున చూస్తానని చెప్పాను. అందుకే, ఆ రోజు రోడ్డు మీంచి తాడు కట్టి లాక్కొచ్చిన బండికి ఈ బానెట్ ఎత్తడం. నిజం చెప్పొద్దూ, వాడి తప్పే తేలాలని ఎత్తాను.

బండి కింద తడి కనబడితే ముందు రంగు చూడాలి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిలు. రంగే లేకుంటే ఏసీ నీళ్లు, వాటికి ఫికర్ అక్కర్లేదు. ఎర్రగా ఉండి, వేలికి జారుతూ, తియ్యటి వాసన వేస్తే ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంటు. నా బండిలో పోసేది ఎర్ర కూలెంటే. ఇంజిన్ కడిగి, పాత గుడ్డతో తడి లేకుండా తుడిచాను. కొత్త కూలెంటు నింపాను. పాత క్యాలెండర్ కాగితాలు తెల్లవైపు పైకి పెట్టి బండి కింద పరిచాను. స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాను.

కాసేపటికి కాగితం మీద ఒక చుక్క పడింది. కాసేపు ఆగి ఇంకోటి. టార్చి వేసి చుక్క వెంట పైకి చూసుకుంటూ పోతే, కింది రబ్బరు పైపు రేడియేటర్‌ను కలిసే చోట ఆగింది చూపు. అక్కడ పైపును బిగించి పట్టే క్లాంపు వదులుగా ఉంది. స్క్రూ వేలితో తిప్పితే రెండు చుట్లు తిరిగింది. బిగించడం మరిచాడు బామ్మర్ది. తప్పు వాడిదే. నేను గెలిచినట్టే. గెలిస్తే కాస్త ఊరట కలగాలి కదా, ఏమీ కలగలేదు.

బండి ఆపి కాగితం చేతిలోకి తీసుకున్నాను. చుక్కలు పాకి బిళ్లంత మరక అయ్యాయి. ఆ ఎరుపు నేను ఇంతకుముందు చూశాను.

బండి షెడ్డు నుంచి వచ్చిన సాయంత్రం మా అమ్మ గోపమ్మ పళ్లెంలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసింది. బండికి దిష్టి తీసి ముందు టైరు పక్కన గచ్చు మీద పోసింది. అయిదు పొద్దులు తియ్యాలని మొక్కిందట, రోజూ దీపాల వేళకు తీసేది. దిష్టి నీళ్లు తొక్కకూడదు, దాటకూడదు, ముట్టకూడదు. మా దగ్గర చంటిపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. నేనూ అంతే. వరసగా నాలుగు పొద్దులు ముందు టైరు దగ్గర ఎర్రటి తడి చూశాను, దూరంగా జరిగి చుట్టూ తిరిగొచ్చి బండెక్కాను. ఎండాకాలం గచ్చు మీద దీపాల వేళ పోసిన నీళ్లు అన్నాలు తినేలోపే ఆరిపోతాయి. తెల్లారేసరికి తడిగా మెరుస్తూ ఎట్లా ఉంటాయి? ఇరవై ఏళ్ల డ్రైవర్‌ని, నా బుద్ధి గడ్డి తిన్నదా?

గడపలోంచి అమ్మ అడిగింది, ఏమన్నా దొరికిందా కొడుకా, ఆ పోరనిదేనా తప్పు అని. దిష్టి నీళ్ల సంగతి చెబితే ఈ ముసలామె ఇక ముద్ద మింగదు. ఇంకా చూస్తున్నానని చెప్పి, ఇంటి వెనక్కి పోయి ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు. క్లాంపు వదులుగా ఉందని చెప్పాను. నేనే మరిచిన బావా అన్నాడు. వాడి గొంతు అరిగిపోయినట్టుంది.

"నేను గూడ చూసిన సాగర్. నాలుగు పొద్దులు చూసిన. దిష్టి నీళ్లనుకొని పక్కకెళ్లి పోయిన."

కట్ అయిందేమోనని ఫోన్ చూసుకున్నాను.

"అక్కకు తెలుసు బావా," అన్నాడు.

మంగళవారం పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఆ ఎర్రటి తడి మీద రమ చీపురు జారిందట. వంగి వాసన చూసిందట. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. అది కూలెంటు, బావకు చెప్పి ఇప్పుడే బండి పంపు, అయిదు నిమిషాల పని అన్నాడట వాడు.

"మరి మీ అక్క చెప్పలేదేందిరా నాకు?"

"పొద్దుగాల్నే బండి మాట ఎత్తితే తిడ్తడురా, జర మంచిగున్నప్పుడు చెప్త అన్నది. కనీసం నేనన్నా నీకు ఫోన్ చెయ్యాల్సుండె. చెయ్యలే. నాక్కూడ నువ్వంటె భయమే."

మంగళవారం సాయంత్రం నేను కిరాయి నుంచి వచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరేశాను. బుధవారం పొద్దున చొక్కాకు ఇస్త్రీ లేదని అరిచాను. ఆ రెండు రోజుల్లో నేను మంచిగా ఉన్న గడియ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

కాష్టం దగ్గరే ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అందరి ముంగట ఎట్ల చెప్పాలె బావా? గప్పటికే సగం సచ్చి ఉన్నవు."

రేపు షెటర్ తియ్యి, బండి తాడుతో లాగించి తెస్తున్నాను, క్లాంపు నువ్వే బిగించాలి అని చెప్పాను. సరే అన్నాడు, తర్వాత ఏడ్చాడు. నేను విన్నాను.

ఇంట్లోకి వెళ్లి ఈదమ్మ ముందు కింద కూర్చున్నాను. దిష్టి నీళ్ల ఊసెత్తకుండా మిగిలిందంతా చెప్పాను. బండి కారుతోందని రమకు తెలుసనీ, నేను తిడతానని భయపడి చెప్పలేదనీ చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. లేచి వెళ్లి కొడుక్కు అన్నం సద్ది కట్టుకుంది.